జొన్నకూడు, సన్నబియ్యం

పలనాడు గురించి శ్రీనాథుడు చెప్పాడనే చాటువులు మా వైపు బడికి పోని పెద్దవాళ్ళకి కూడా నోటికొచ్చు. అక్కడికెళ్తే మన్మథుడికైనా జొన్నకూడు తప్పదని ఒకదాంట్లో అంటాడు. ఇంకోదాంట్లో ఏకంగా కృష్ణుడికే సవాలు విసురుతాడు. పూతన దగ్గర పాలు తాగడం, కార్చిచ్చు మింగడం ఏం గొప్ప, చింతచిగురేసి వండిన బచ్చలికూరతో ఒక్క జొన్నముద్ద మింగి చూపించమంటాడు. పద్యాలు ఆయనవేనా కాదా అన్న చర్చ అలా ఉంచుదాం. తిట్టినా సరే, అంత పెద్దకవి నోట్లో మన ఊళ్ళు పడ్డాయి కదా అని మావాళ్ళకి అదో గర్వం.

నాకు మాత్రం ఈ పద్యాలు ఇప్పుడు ఇంకోలా వినిపిస్తున్నాయి. ఆరువందల ఏళ్ళ కిందట బయటినుంచి వచ్చిన ఒక మనిషి భోజనం దగ్గర పెట్టిన పేచీ ఇది. కొండవీటి రెడ్డిరాజుల దగ్గర విద్యాధికారిగా చేసినవాడు, సన్నన్నానికి అలవాటు పడ్డవాడు. ఆయనకి పలనాడులో వరన్నం దొరకలేదు. ఇరవై ఏళ్ళుగా అమెరికాలో ఉంటున్న నేను పోయిన సంక్రాంతికి నరసరావుపేట వెళ్తే, నాకూ దొరకలేదు. కారణాలే వేరు.

మా బాబాయి డైనింగ్ టేబుల్ మీద మధ్యాహ్నం కొర్రన్నం, రాత్రి జొన్నరొట్టె. షుగరొచ్చిన దగ్గర్నుంచీ అంతే. పిల్లలు ఫోన్‌లో మండీ బిర్యానీ ఆర్డర్ పెట్టుకుంటున్నారు. హైవే మీద ఎద్దుబండి చక్రం తగిలించిన హోటల్లో రాగిసంకటి, నాటుకోడి పులుసు తినడానికి కార్లు వరసకట్టి ఉన్నాయి. వేడివేడి సన్నన్నంలో గోంగూర పచ్చడి, నెయ్యి కలుపుకుని తినాలని పధ్నాలుగు వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన నన్ను చూసి, "అక్కడ అన్నమే తింటారా ఇంకా?" అని మరదలు ఆశ్చర్యపోయింది. అవును, తింటాం. ఇండియన్ స్టోర్లో ఇరవై పౌండ్ల సోనా మసూరి సంచి మోసుకొచ్చుకుని మరీ తింటాం. మేం వదిలి వెళ్ళిన ఇంటిని ఆ సంచిలో దాచుకున్నట్టు ఉంటుంది.

అయితే ఆ సంచిలో ఉన్న ఇల్లు ఎంత పాతదని లెక్క తీస్తే, నా వయసు కూడా దాటదు.

గుంటూరు వైపు అన్నమంటే మా తరానికి గుర్తొచ్చేది బాపట్ల బియ్యం, అంటే బీపీటీ 5204. దీన్నే సాంబ మసూరి అంటారు. బాపట్ల వ్యవసాయ పరిశోధనా కేంద్రం నుంచి 1986లో విడుదలైంది. దాని వంశవృక్షం చూడండి. ఒక వైపు కోయంబత్తూరు నుంచి వచ్చిన జీఈబీ 24. ఇంకో వైపు తైవాన్ పొట్టిరకం తైచుంగ్ నేటివ్ 1. మూడోది మాషురి. సోనా మసూరిలోనూ సాంబ మసూరిలోనూ ఉన్న 'మసూరి' అదే. ఆసియా దేశాల వరి రకాల్ని కలిపి సంకరం చేసే పథకం ఒకటి 1950ల్లో కటక్ కేంద్రంగా నడిచింది. ఆ పథకంలో పుట్టి, 1965లో మలేషియాలో విడుదలై, మళ్ళీ ఇండియాకి తిరిగొచ్చిన రకం ఈ మాషురి. వీసా స్టాంపుల లెక్కన చూస్తే ఈ బియ్యం నాకంటే పెద్ద ప్రవాసి.

పోనీ, వంగడం కొత్తదైనా వరి పాతదే కదా? తెనాలి, రేపల్లె వాళ్ళు ఆ మాట అనొచ్చు. బెజవాడ దగ్గర కృష్ణ మీద 1855 నాటికి ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా వరిసీమ అయింది. అంతకు ఇరవై ఏళ్ళ ముందు, 1832-33లో, నందననామ సంవత్సరపు కరువు గుంటూరు జిల్లాలో లక్షకు పైగా మనుషుల్ని మింగింది. డొక్కల కరువని చెప్పుకునేది దాన్నే. ఆనకట్ట కట్టాలన్న వాదనకి ఆ చావులు బలమిచ్చాయి. కానీ మెరకనున్న పలనాడుకి ఆ నీళ్ళు ఎక్కలేదు. నాపరాళ్ళ నేలలో జొన్న, సజ్జ, కంది, ఆముదం, అంతే. శ్రీనాథుడి తర్వాత ఇంకో అయిదువందల ఏళ్ళు ఆ కంచంలో పెద్దగా మార్పు రాలేదు.

కారం విషయంలో మాత్రం వచ్చింది. ఇవాళ పలనాడంటే కళ్ళాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలే గుర్తొస్తాయి. కానీ శ్రీనాథుడు తిన్న బచ్చలికూరలో మిరపకాయ లేదు, ఉండే వీలు కూడా లేదు. అమెరికా ఖండాల మొక్క అది, పోర్చుగీసు వాళ్ళతో 16వ శతాబ్దంలో మన తీరానికి వచ్చింది. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో చలికాలపు భోజనం వర్ణిస్తూ కూరలకి మిరియాల పొడి వాడాడు. ఆయనకీ మిరప తెలీదు. మనవాళ్ళు కొత్త కాయకి పాత మిరియం పేరునే కాస్త మార్చి పెట్టి ఇంట్లో కలిపేసుకున్నారు. గోంగూర పుట్టిల్లు ఆఫ్రికా. ఆ మాటకొస్తే జొన్న కూడా అక్కణ్ణించి వేల ఏళ్ళ కిందట నడిచొచ్చిందే. మన దక్కన్ మట్టిలోనే మచ్చికైన పంటలు కావాలంటే ఉలవల దగ్గరికీ, అండుకొర్రల దగ్గరికీ వెళ్ళాలి.

మూలాల లెక్క ఎలా ఉన్నా, పలనాడు కంచాన్ని నిజంగా తిరగేసింది నాగార్జునసాగర్. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకి నీళ్ళు వదిలింది. కుడికాలువ మా పొలాల దాకా వచ్చేటప్పటికి మా పెద్దమ్మకి పదిహేడేళ్ళు. ఇప్పుడు డెబ్బై అయిదు దాటింది. ఇంట్లో ఆమె ఒక్కతే కొర్రలు ముట్టదు. డాక్టరు చెప్పాడు, కొడుకు బతిమాలాడు, కోడలు విడిగా వండి పెట్టింది. ఆమె ససేమిరా అంది.

నేనూ అడిగాను, పాతరోజుల్లో తిన్న బలమే కదా పెద్దమ్మా మీది అని. "ఏం బలంరా నాయనా! తెల్లారుజామున లేచి రోట్లో జొన్నలు దంచితే చేతులు బొబ్బలెక్కేయి. చెరిగి, నానేసి, మళ్ళా దంచి, ఎసట్లో పోస్తే అప్పటికి పొద్దెక్కేది. తరవాత చేలోకి పోవాలి. వరన్నం పండక్కి, లేదంటే ఇంటికి అల్లుడొస్తే. అదీ మగాళ్ళు తిన్నాక మిగిలితే మాకు. కాలవొచ్చిన రోజు మీ అమ్మమ్మ నీళ్ళకి పసుపూ కుంకుమా వేసి దణ్ణం పెట్టింది. ఇప్పుడు డబ్బులు పోసి కొనుక్కొచ్చి మళ్ళీ అదే తినమంటే ఎట్టా?"

పాతపంటల మీద ఇప్పుడొస్తున్న వ్యాసాల్లో నాకు కనబడనిది ఈ రోలు. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది, మంచిదే. నీళ్ళు తక్కువ తాగుతాయి, ఎండకి తట్టుకుంటాయి, అదీ నిజమే. కానీ జొన్న మన పళ్ళెంలోంచి పోయింది మనం దాని విలువ మర్చిపోవడం వల్ల మాత్రమే కాదు. కాలువ, మద్దతు ధర, రైసుమిల్లు అన్నీ వరి వైపే నిలబడ్డాయి. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం పెట్టాక, పండక్కి మాత్రమే వరన్నం చూసిన కూలీ ఇళ్ళల్లో రోజూ తెల్లన్నం ఉడికింది. దొర తినేదే నేనూ తింటున్నాననే భావన కూడా ఆ బియ్యంతో పాటే రేషన్ షాపు నుంచి ఇంటికొచ్చింది. పోషకాల పట్టికలో దానికి గడి లేదు.

మెరక పొలాల్లో జొన్న పోయిన చోటికి పత్తి, మిరప వచ్చాయి. పత్తి ఏం చేసిందో కూడా మా జిల్లాకి తెలుసు. 1987-88లో తెల్లదోమ పడి పంట పోతే గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. కాబట్టి జొన్న పోవడం వల్ల నష్టమేమీ లేదని నేను అనడంలేదు. ఆ నష్టం ఎవరిది, ఆ లాభం ఎవరిది అని విడివిడిగా అడగాలంటున్నాను. జహీరాబాద్ పక్క పస్తాపూర్‌లో దళిత స్త్రీలు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలుగా ఏర్పడి, ఏ ఫ్యాషనూ లేని రోజుల్లోనే పాత విత్తనాలు కుండల్లో దాచిపెట్టారు. అందులో విత్తనమూ వాళ్ళదే, నిర్ణయమూ వాళ్ళదే. హైవే హోటల్లో సంకటిముద్దకి వందలు పోసి ఫొటో తీసుకోవడం వేరే పని.

పరాయిదేశంలో ఉన్నవాడు ఇంటికొచ్చి, 'మారిపోయారు మీరంతా' అని నొచ్చుకోవడం మామూలే. ఆ నొప్పి అబద్ధం కాదు. కాకపోతే నేను పోగొట్టుకున్నాననుకున్న 'మన తిండి' 1967కీ 2004కీ మధ్య, ఒక కాలువ కింద, ఒక వంగడంతో నడిచిన ముప్పై ఏడేళ్ళ ముచ్చట. నేను విమానం ఎక్కిన ఏడాది దగ్గర దాన్ని ఆపేసి, అదే అనాదిగా వస్తున్నదనుకున్నాను. బాబాయి తరం దాన్ని దాటి ముందుకు పోయింది. పెద్దమ్మ తరానికి అది ఎదురుచూసి ఎదురుచూసి సంపాదించుకున్న కొత్తదనం.

ఉన్న పదిరోజుల్లో ఆ ఇంట్లో రోజూ సన్నన్నం తిన్నది ఇద్దరమే, పెద్దమ్మా నేనూ. అది నాకు జ్ఞాపకం, ఆమెకి గెలుపు. ఆమె షుగర్ రిపోర్టు ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. "ఇంకొంచెం పెట్టుకో నాయనా" అని ఆమె గరిటె ఎత్తినప్పుడల్లా బాబాయి నావైపు చూసేవాడు, నువ్వన్నా చెప్పరా అన్నట్టు. ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలీడంలేదు.