అర్ఘాధిపతి నుంచి సెన్సెక్స్ దాకా

ధరలకు కాలాలుంటాయనే నమ్మకం షేర్ మార్కెట్‌లో పుట్టింది కాదు. ఉగాది నాడు గుళ్లో చదివే పంచాంగంలోని నవనాయకుల్లో అర్ఘాధిపతి ఉంటాడు. ఆ ఏడాది సరుకుల వెల ఆయన చేతిలోనిదే. సూర్యుడు మిథునంలో ప్రవేశించింది ఏ వారమైతే ఆ వారాధిపతికే ఈ పదవి. అది జూన్ నడుమ వస్తుంది, అంటే తెలంగాణలోని ఆలేరు చుట్టుపక్కల చెలకల్లో పత్తి గింజలు పడే వేళ. ధర సంగతి మనసులో మెదిలే రోజులు కూడా అవే కదా!

ఈ మెట్ట ప్రాంతంలో రూపాయి కార్తెలను బట్టే తిరుగుతుంది. మృగశిరలో విత్తనాలు, ఎరువులు ఉద్దెరకు తెస్తారు. దసరా అటూ ఇటుగా పత్తి ఏరుడు మొదలయ్యాక బాకీలు తీరుస్తారు. మిగిలితే పెళ్లి, బంగారం. అమెరికాలోనూ ఒకప్పుడు ఇదే కథ. పంట కొనడానికి డబ్బు పల్లెలకు తరలిపోయేసరికి న్యూయార్క్ బ్యాంకుల్లో కటకట ఏర్పడేది. 1873లో, 1907లో అక్కడి సంక్షోభాలు పంట చేతికొచ్చే కాలంలోనే ముదరడం వట్టి యాదృచ్ఛికం కాదు.

ఇంగ్లండ్ ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ ఏకంగా సూర్యుడి దాకా వెళ్లాడు. వ్యాపార సంక్షోభాలు పదిన్నరేళ్లకోసారి వస్తున్నాయని 1870లలో లెక్కగట్టి, దానికి కారణం సూర్యుడి మీది మచ్చలే అన్నాడు. ఆ మచ్చల వల్ల భారతదేశంలో పంటలు పోతాయి, మన రైతు బట్ట కొనడు, ఇంగ్లండ్‌లో మిల్లులు దెబ్బతింటాయి. ఇదీ ఆయన వాదం. మద్రాసు, హైదరాబాద్ ప్రాంతాలను 1876-78 కరువు మాడ్చేస్తున్న రోజులవి. అయితే మచ్చల చక్రం సగటున పదకొండేళ్లు. లెక్క పొసగలేదు. సూర్యుడిని వదిలేస్తే మన రైతు జేబుకూ విదేశీ మార్కెట్‌కూ ఉన్న లంకెను ఆయన సరిగ్గానే పట్టుకున్నాడని నా అభిప్రాయం.

తర్వాతి వాళ్లు ఆకాశం వదిలి క్యాలెండర్ పట్టుకున్నారు. జనవరిలో షేర్లు పెరుగుతున్నాయని సిడ్నీ వాచ్‌టెల్ 1942లో రాశాడు. మేలో అమ్మేసి తప్పుకోవాలన్న లండన్ నానుడిని బౌమన్, జేకబ్‌సన్ 37 దేశాల్లో పరీక్షించి, 36 చోట్ల మే తర్వాత షేర్లు మందగించే ధోరణి కనిపించిందని 2002లో ప్రకటించారు. అందరికీ తెలిసిన ముహూర్తానికి అందరూ ఒకరోజు ముందే వస్తే, ఆ లాభం ఎన్నాళ్లు నిలుస్తుంది?

మన దగ్గర వానను బట్టి మార్కెట్‌ను కట్టే లెక్క కూడా నమ్మదగ్గది కాదు. 2009లో నైరుతి రుతుపవనాలు 22 శాతం లోటు చూపాయి. పల్లె ఎండింది. సెన్సెక్స్ మాత్రం ఆ ఏడాది 80 శాతం పైగా ఎగసింది. అంతకు ముందు ఏడాది పతనం నుంచి తేరుకోవడం, విదేశీ డబ్బు, ఎన్నికల ఫలితం దాన్ని పైకి లాగాయి. ఆలేరులో ఫోన్ మీద షేర్లు కొనేవారు పక్క చేను చూసి మార్కెట్‌ను అంచనా వేయొద్దు.

అయినా మార్కెట్ ముహూర్తాన్ని పూర్తిగా వదల్లేదు. బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీలో 1957 నుంచి దీపావళికి గంటసేపు ముహూర్తపు ట్రేడింగ్ సాగుతోంది. 2025లో ఆ గంటను సాయంత్రం నుంచి మధ్యాహ్నం 1.45కు మార్చింది పంచాంగం కాదు, ఎక్స్ఛేంజీలే.