ఈనిన పాడిపశువుల్లో గర్భాశయ వాపు
ఈతలో గర్భాశయానికి కొంత వాపు సహజమే. అది తగ్గకపోతేనే చిక్కు. ఈనడానికి మూడు వారాల ముందు నుంచి ఈనిన మూడు వారాల దాకా గేదెకైనా ఆవుకైనా మేత తగ్గి, రోగనిరోధకశక్తి సన్నగిల్లుతుంది. మాయ 24 గంటల్లోపు పడకపోతే లోపలే కుళ్లి సూక్ష్మజీవులు పెరుగుతాయి. జ్వరం వస్తుంది, పాలు తగ్గుతాయి, ఎర్రగా నీళ్లలా కంపుకొట్టే స్రావం కారుతుంది. వేలాడే మాయకు రాయి కట్టడం పాత అలవాటు, చెడ్డది కూడా: లోపలి పొర చిరుగుతుంది. 21 రోజులు దాటాక పశువు చక్కగా మేస్తున్నా తోకకు ఎండి అంటిన చీము ఒక్కటే గుర్తు కావచ్చు. అలాంటి పశువు ఎదకు ఆలస్యంగా వస్తుంది, చూడి నిలవదు. హైదరాబాద్‌లో ఇలాంటి పశువును చూపించడానికి నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది.