విశాఖ ఆకాశంలో ఒక చాంద్రమాసం: చంద్రోదయం, చంద్రాస్తమయం, కళలు

చంద్రోదయ సమయం దేశమంతటికీ ఒక్కటి కాదు. ఒకే నగరంలో సైతం ఏ రెండు రోజులూ ఒకే వేళకు చంద్రుడు ఉదయించడు. అట్లతద్ది నోము నోచే మహిళలకూ, సముద్రంపై వేటకు వెళ్లే మత్స్యకారులకూ, తుపాను సమయంలో తీరప్రాంత ముంపును అంచనా వేసే అధికారులకూ ఈ వేళలతో ప్రత్యక్షంగా పని ఉంటుంది. 2025 అక్టోబరు 7 నాటి పౌర్ణమి మొదలు నవంబరు 5 నాటి కార్తిక పౌర్ణమి వరకు సాగిన ఒక చాంద్ర ఆవృత్తిని విశాఖపట్నం నుంచి గమనిస్తే ఈ లెక్క సులభంగా బోధపడుతుంది.

రోజుకు 50 నిమిషాల ఆలస్యం

నక్షత్రాల నేపథ్యంలో చంద్రుడు రోజుకు సుమారు 13 డిగ్రీలు తూర్పుకు జరుగుతాడు. సూర్యుడు కూడా అదే దిశలో రోజుకు ఒక డిగ్రీ జరిగినట్లు కనిపిస్తాడు. ఈ రెండింటి మధ్య మిగిలే 12 డిగ్రీల వ్యత్యాసం కారణంగా చంద్రోదయం రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఈ ఆలస్యం కొన్నాళ్లు 40 నిమిషాలకు, మరికొన్నాళ్లు గంటకు దగ్గరగా ఉంటుంది.

ఈ ఆలస్యం వల్లనే నెలలో సాధారణంగా ఒక తేదీన చంద్రోదయం, మరొక తేదీన చంద్రాస్తమయం ఉండవు. ఒక రాత్రి 12 గంటలకు కాస్త ముందు ఉదయించిన చంద్రుడు, ఆ తరువాతి ఉదయానికి మరునాటి అర్ధరాత్రి దాటిపోతాడు. దానితో నడుమనున్న తేదీకి చంద్రోదయం లేకుండా పోతుంది. పట్టికలలో ఆ గడి ఖాళీగా కనిపించడం అచ్చుతప్పు కాదు.

పౌర్ణమి నుంచి పౌర్ణమికి

అక్టోబరు 7 ఉదయం 9.17 గంటలకు చంద్రుడు పూర్ణబింబ స్థితికి చేరాడు. అప్పటికి భారతదేశంలో పగలు. అందువల్ల ముందునాటి సాయంత్రం, అంటే 6వ తేదీన, సూర్యాస్తమయానికి ముందే నిండు చంద్రుడు తూర్పున ఉదయించాడు. పౌర్ణమి తిథి గల రాత్రి 6వ తేదీదే కావడానికి కారణమిదే.

అక్టోబరు 13 రాత్రి 11.43 గంటలకు కృష్ణపక్షపు అర్ధచంద్ర స్థితి వచ్చింది. ఈ దశలో చంద్రుడు అర్ధరాత్రి ప్రాంతంలో ఉదయించి మధ్యాహ్నం ప్రాంతంలో అస్తమిస్తాడు. ఉదయం వేళ పడమటి ఆకాశంలో తెల్లగా కనిపించే చంద్రుడు ఇతడే.

అక్టోబరు 21 సాయంత్రం 5.55 గంటలకు అమావాస్య ఘడియ. అమావాస్య తిథి 20వ తేదీ మధ్యాహ్నం తరువాతే ప్రవేశించినందున, రాత్రివేళ అమావాస్య ఉన్న 20వ తేదీనే దీపావళి జరిగింది. అమావాస్యనాడు చంద్రుడు ఇంచుమించు సూర్యునితోనే ఉదయించి, సూర్యునితోనే అస్తమిస్తాడు. 

అక్టోబరు 29 రాత్రి 9.51 గంటలకు శుక్లపక్షపు అర్ధచంద్రుడు ఏర్పడ్డాడు. ఈ దశలో ఉదయం మధ్యాహ్నం ప్రాంతంలోనూ, అస్తమయం అర్ధరాత్రి ప్రాంతంలోనూ ఉంటాయి. నవంబరు 5 సాయంత్రం 6.49 గంటలకు మళ్లీ పూర్ణబింబం. ఈ ఆవృత్తికి పట్టిన కాలం 29 రోజుల 9 గంటల 32 నిమిషాలు. సగటు చాంద్రమాసం 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. చంద్రుని కక్ష్య దీర్ఘవృత్తం కావడంతో అతని వేగం మారుతూ ఉంటుంది. నెల నిడివి అందుకు తగినట్లు హెచ్చుతగ్గులకు లోనవుతుంది.

పొరుగూరి వేళ పనికిరాదు

ఆశ్వయుజ బహుళ తదియ నాటి అట్లతద్ది 2025లో అక్టోబరు 9న వచ్చింది. పౌర్ణమి గడిచి రెండు రోజులు దాటడంతో ఆనాటి చంద్రోదయం రాత్రి ఏడు గంటల తరువాతకు చేరింది. చంద్రదర్శనం తరువాతనే ఉపవాసం విరమించే వారికి తమ ఊరి వేళే ప్రమాణం. విశాఖ కంటే హైదరాబాదులో చంద్రోదయం సుమారు 20 నిమిషాలు, ముంబయిలో 40 నిమిషాలకు పైగా ఆలస్యం. విశాఖ వేళను చూసుకున్న హైదరాబాదు గృహిణి ఆకాశంలో చంద్రుని కోసం వెదుకుతూ నిలబడవలసి వస్తుంది.

భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానికి విశాఖ చాలా దగ్గరగా ఉంది. రెండింటి మధ్య తేడా సుమారు మూడు నిమిషాలే.

పట్టికలోని వేళ అడ్డంకులు లేని దిగంతాన్ని ఊహించి లెక్కించినది. విశాఖ తీరంలో చంద్రుడు బంగాళాఖాతం మీదుగా ఉదయిస్తాడు కనుక, మబ్బు, పొగమంచు లేనప్పుడు పట్టిక వేళకూ కంటికి కనిపించే వేళకూ అంతరం స్వల్పం. పడమటి వైపు కొండలున్నందున అస్తమయం మాత్రం లెక్కకంటే ముందే జరిగినట్లు తోస్తుంది.

చంద్రుడూ, సముద్రమూ

తూర్పు తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటుకూ మరొక పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. కాబట్టి పోటు వేళ కూడా చంద్రోదయంలాగే రోజుకు దాదాపు 50 నిమిషాలు వెనక్కు జరుగుతుంది. అమావాస్య, పౌర్ణముల పరిసరాల్లో సూర్యచంద్రుల ఆకర్షణ కలిసి పోటు పెరుగుతుంది. అర్ధచంద్ర దినాల పరిసరాల్లో తగ్గుతుంది.

తుపాను వేళ ఈ తేడాకు ప్రాధాన్యం ఎక్కువ. తుపాను గాలులు ఎగదోసే ఉప్పెన, అప్పటికే ఉన్న పోటు మట్టానికి అదనంగా చేరుతుంది. మొంథా తుపాను 2025 అక్టోబరు 28 రాత్రి ఆంధ్రప్రదేశ్ తీరాన్ని దాటినప్పుడు చంద్రుడు అర్ధబింబానికి చేరువలో ఉన్నాడు. అంటే పోటు బలం తక్కువగా ఉండే రోజులు. వారం తరువాత, నవంబరు 5న, చంద్రుడు భూమికి సుమారు 3 లక్షల 57 వేల కిలోమీటర్ల దూరానికి చేరువయ్యాడు. అలాంటి పౌర్ణమి రోజుల్లో పోటు మరింత ఉద్ధృతంగా ఉంటుంది.

వేళలు ఎక్కడ లభిస్తాయి?

కోల్‌కతాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ వెలువరించే రాష్ట్రీయ పంచాంగం తెలుగు సహా పలు భాషల్లో లభిస్తుంది. ఆటుపోట్ల పట్టికలను సర్వే ఆఫ్ ఇండియా ప్రచురిస్తుంది. సముద్రపు అలల తీవ్రతపై హెచ్చరికలను హైదరాబాదులోని ఇన్‌కాయిస్ జారీ చేస్తుంది. ఏ పట్టికను చూసినా, అది ఏ ఊరికి లెక్కించినదో ముందుగా గమనించడం అవసరం.