బిళ్ళగన్నేరు ముచ్చట

మంట జర ఎగదొయ్యి బిడ్డా, సలి పెడుతుంది.

సాగర్ ఎడమ కాలువ రాకముందు సంగతి. 1967ల ఇందిరమ్మ నీళ్లిడిసినంక గదా మిర్యాలగూడ, కోదాడ దిక్కు వరి పొలాలైంది! అంతకుముందు జొన్నలు, ఆముదాలే. ఆ ఎండలల్ల గూడ పూసేది బిళ్ళగన్నేరు. సేదు, మేకలు గూడ మూతి పెట్టయి. మీ నాయనమ్మ నాలుగు పూలు దెంపి దేవుని కాడ పెట్టేది, గంతే దానికి మర్యాద.

సక్కెర రోగమొచ్చినోళ్లు మాత్రం ఆకు నమిలేటోళ్లు. ఇది మా ఊరి తెలివే అనుకున్న. కాదట, సముద్రాల అవతల జమైకాల గూడ అదే నాటుమందు. 1952ల అక్కడి డాక్టరొకాయన ఇరవై అయిదు ఆకులు కవర్ల పెట్టి కెనడాకు పంపిండు. రాబర్ట్ నోబుల్ అనేటాయన ఎలుకలకు రసం తాపితే సక్కెర దిగలే. సూదితోని ఎక్కిస్తే ఎలుకలే సచ్చినయి. ఇంకొకరైతే పారబోసి ఊకుందురు. ఆయన నెత్తురు సూసిండు. తెల్లకణాలు పడిపోయినయి, అందుకే ఏదో జబ్బంటుకొని సచ్చినయి. మరి తెల్లకణాలు అడ్డగోలుగ పెరిగే రోగముంది గదా, నెత్తురు క్యాన్సర్! చార్లెస్ బీర్ అనేటాయనతోని కలిసి ఆకుల నుంచి అసలు సరుకు దీసి 1958ల లోకానికి జెప్పిండ్రు, విన్‌బ్లాస్టిన్ అని. ఎన్కనే అమెరికాల లిల్లీ కంపెనీ విన్‌క్రిస్టిన్ దీసింది. పిల్లల నెత్తురు క్యాన్సర్‌కు ఈ రెండోదే. బండ్లకొద్ది ఆకు ఎండబెడితే చిటికెడు ఎల్లుడు గూడ కష్టమే.

విన్‌క్రిస్టిన్‌కు తోడిచ్చే మెథోట్రెక్సేట్ అనే మందు వెనుక మన భీమవరంల పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారు ఉన్నడు. పాపం, 1948లనే పోయిండు.

మన వాడకట్టు పిల్లగానికొకనికి ఆ నెత్తురు క్యాన్సరే వచ్చింది. తల్లి వాన్ని సంకనేసుకొని సూర్యాపేటల బస్సెక్కి, హైదరాబాద్ రెడ్‌హిల్స్‌ల మెహదీ నవాజ్ జంగ్ దవాఖానకు వారం వారం సూదికి తిరిగేది. వెంట్రుకలూడినయి, కాళ్లు తిమ్మిర్లెక్కినయి. మందు మన వాకిట్ల చెట్టుదే అని తెలిసి, "ఇంట్ల నూరి తాపుతా సారూ, బస్సు కిరాయి మిగులుతది" అన్నది. డాక్టరు గట్టిగనే కోపం జేసిండు. ఆకుల ఎంత విషముందో కొలిచేదెవరు, పిల్లగాని నెత్తురు పరీక్ష జేసేదెవరు అని.

పిల్లగాడు బతికిండు. ఇప్పుడు మిర్యాలగూడ రైసుమిల్లుల లెక్కలు రాస్తుండు. ఆ తల్లికే ఈ నడుమ సక్కెర వచ్చింది. గోలీలు ఇంట్లనే ఉంటయి, పొద్దుగాల లేసి పెరట్ల బిళ్ళగన్నేరు ఆకు నములుతది. కొడుకు మొత్తుకున్నా ఇనదు.