కువైట్ ఎడారిలో జింక వేట

కువైట్ ఎడారిలో వేటగాళ్లు ఎక్కువగా వెంటాడింది రీమ్ అనే ఇసుక జింకను. ఫైలకా దీవిలో బయటపడిన సుమారు 4,000 ఏళ్ల నాటి దిల్మున్ నాగరికత ముద్రలపైనా కొమ్ముల జింకలు కనిపిస్తాయి. ఎడారి సంచారులైన బెదూయిన్లు డేగలతో, సలూకీ జాతి వేటకుక్కలతో మాంసం కోసం వేటాడేవారు. 20వ శతాబ్దంలో మోటారు కార్లు, తుపాకులు తోడయ్యాక మందలు తరిగిపోయాయి.

దుప్పి కొమ్ములా రీమ్ కొమ్ము ఏటా రాలదు. లోపలి ఎముకపై అది గట్టి తొడుగులా పెరుగుతుంది. వేట గుర్తుగా జింక పుర్రెను భద్రపరిచేవారు కొమ్ములను నీటిలో నానబెట్టి తొడుగులు ఊడదీస్తారు. పుర్రెను సన్నని సెగపై ఉడికించి, కండ గీకేసి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరుస్తారు. పూర్తిగా ఆరాక తొడుగులను మళ్లీ అమరుస్తారు.

అరేబియా ఒరిక్స్ అనే మరో కొమ్ముల జంతువునూ వేటే అంతరించే స్థితికి తెచ్చింది. దాన్ని కాపాడేందుకు 1963లో అమెరికాలోని ఫీనిక్స్ జంతుప్రదర్శనశాలలో పెంపకం మొదలైంది. ఆ తొలి మందలోని ఒక ఒరిక్స్ కువైట్ పంపినదే.