సోఫా కొరికే కుందేలు: కొట్టకుండా మాన్పించేదెలా?

కర్నూలు నగరంలో కలిసిపోయిన కల్లూరులాంటి చోట పిల్లలు ముచ్చటపడి తెచ్చుకున్న తెల్లకుందేలు కొన్నాళ్లకే దివాన్ కోడు కొరకడం మొదలుపెడుతుంది. ఇది అల్లరి కాదు. కుందేలు పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, ముందరి పళ్లయితే ఏడాదికి సుమారు 10 సెంటీమీటర్లు. అవి అరగకపోతే నోరు సరిగా మూతపడదు, మేత మానేస్తుంది. కాబట్టి కొరకడం మాన్పించలేం, ఏది కొరకాలో అలవాటు చేయాలి.

అసలు మందు గడ్డే. తిండిలో నూటికి 80 వంతులు గడ్డే ఉండాలి. ఎండబెట్టిన గరిక రోజంతా అందేలా పెడితే సగం గొడవ తీరిపోతుంది. బిస్కెట్లు, అన్నంతో కడుపు నిండుతుంది గానీ పళ్లు అరగవు. కర్నూలు దిక్కున వేరుశనగ కట్టె తేలిగ్గా దొరుకుతుంది. అందులో కాల్షియం ఎక్కువ, పెద్ద కుందేలుకు అప్పుడప్పుడు పిడికెడు చాలు. బూజు పట్టింది అస్సలు వద్దు. లేత జొన్న పైరు బర్రెలనే చంపుతుంది, దాని జోలికి పోరాదు.

కొరకడానికి పురుగుమందు కొట్టని జామ కొమ్మలు, టేపు తీసేసిన అట్టపెట్టెలు ఇవ్వొచ్చు. గన్నేరు, ఉమ్మెత్త విషం.

కోళ్లకు కారం పూయడం కొందరి చిట్కా. అది కళ్లలో, ముక్కులో పడి మంట పెడుతుంది. ఫినాయిల్ ఇంకా ప్రమాదం. దానికన్నా కోడు చుట్టూ ప్లాస్టిక్ పైపు చీల్చి తొడగడం మేలు. కరెంటు వైర్లకూ అంతే. రిహల్, జానమాజ్ పైన పెట్టుకోవాలి.

కుందేలుకు హుషారు ఎక్కువయ్యేది ఫజర్, మగ్రిబ్ వేళల్లో. అప్పుడు మనుషుల కళ్లెదుట వదిలితే మంచిది. కొరకబోతే చప్పట్లు కొట్టి, వెంటనే కొమ్మ అందించాలి. కొడితే నేర్చుకోదు, భయపడుతుంది. రోజంతా బోనులో మూసేయడమూ దారి కాదు. పిల్లిని కట్టేసి మేత పెట్టని స్త్రీ హదీసు తెలియని ఇల్లుండదు.

చేలల్లో పట్టిన అడవి కుందేలును మాత్రం పెంచకూడదు, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

పెంపుడు కుందేలు సగం రోజు మేత ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా ఆ రోజే పశువుల ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఏ చెక్క, ఏ రంగు కొరికిందో డాక్టరుకు చెప్పాలి.