ముక్కు మీద పెట్టిన కొలబద్ద

మిత్రులారా, ఈ వారం ముక్కు గురించి. నవ్వకండి. మన కులాల చరిత్రలో ముక్కుకు పెద్ద ఫైలే ఉంది.

ముక్కు కొన సన్నగా చేయించుకోవాలని, అడుగున రెక్కల వెడల్పు తగ్గించుకోవాలని ఆలోచిస్తున్న పిల్లలు మన ఇళ్లలో ఉన్నారు. పెళ్లిచూపుల్లో "అమ్మాయి బాగానే ఉంది గానీ ముక్కే కాస్త చప్పిడి" అన్న మాట విన్నవాళ్లు ఉన్నారు. చేయించుకోండనీ, వద్దనీ చెప్పడానికి ఇది రాయడం లేదు. ఒళ్లు వాళ్లది, నిర్ణయం వాళ్లది. కాకపోతే అద్దం ముందు నిలబడినప్పుడు "బాగాలేదు" అంటున్న గొంతు ఎవరిదో తెలుసుకుని నిర్ణయించుకుంటే మంచిది.

ఆ గొంతు కొంత మన సాహిత్యానిది కూడా. ముక్కు మీద పద్యం చెప్పాడనే నంది తిమ్మన ముక్కు తిమ్మన అయ్యాడని చెప్పుకుంటాం. అయితే ఆ గౌరవం సంపెంగతో పోల్చదగ్గ ముక్కుకే. కవులు పోలికలు కడితే, దొరలు ఏకంగా లెక్కలు కట్టారు.

హెర్బర్ట్ రిజ్లీ అనే ఐసీఎస్ అధికారి 1880లలో బెంగాల్ వైపు జనం ముక్కులు కొలిపించాడు. వెడల్పును పొడవుతో భాగించి 100తో హెచ్చించడం, అంతే లెక్క. 70 లోపు వస్తే సన్న ముక్కు, 85 దాటితే వెడల్పు ముక్కు. ముక్కు వెడల్పు పెరిగేకొద్దీ కులం హోదా తగ్గుతుందని 1891లో ప్రకటించాడు. 1901 జనాభా లెక్కలకు కమిషనర్‌గా వచ్చింది ఆయనే. కులాలకు హోదా ప్రకారం మెట్లు కట్టించింది ఆ లెక్కల్లోనే.

మద్రాసులో ఈ పని ఎడ్గర్ థర్‌స్టన్ చేశాడు. ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంట్. 1909లో దక్షిణాది కులాల మీద ఆయన ఏడు సంపుటాలు వచ్చాయి. మాల, మాదిగలు కూడా వాటిలో పేజీలుగా ఉన్నారు. వయనాడులో పణియ స్త్రీలు ఆయన్ని చూసి పరుగెత్తారట. తమలో మంచివాళ్లను ఏరి, లోపల కూరి, మ్యూజియంలో నిలబెడతాడని వాళ్ల భయం. ఆయన దాన్ని తమాషాగా రాసుకున్నాడు. నాకు మాత్రం ఆ స్త్రీలకు విషయం బాగానే అర్థమైందనిపిస్తుంది.

ఇక్కడ ముక్కులు కొలుస్తున్న ఆ రోజుల్లోనే అక్కడ ఆరోగ్యంగా ఉన్న ముక్కులను కోయడం మొదలైంది. 1887లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో జాన్ ఓర్లాండో రో 'పగ్ నోస్'ను సరిచేసే ఆపరేషన్ గురించి రాశాడు. ఆ కాలపు కార్టూన్లలో ఐరిష్ వలస కూలీలకు అంటగట్టిన ముక్కు అది. 1898లో బెర్లిన్‌లో జాక్ జోసెఫ్ ముక్కు తగ్గించే ఆపరేషన్ చేశాడు. ఆయన యూదుడు, ఆయన దగ్గరకు వచ్చినవాళ్లలో చాలామంది యూదులు. ముక్కు మారితే గుంపులో ఒకరిగా కలిసిపోవచ్చన్నది వాళ్ల ఆశ. 1935లో న్యూరెంబర్గ్ చట్టాలు వచ్చాయి. అవి ఎవరి ముక్కూ చూడలేదు. తాతలూ అవ్వలూ ఎవరని అడిగాయి.

మన దగ్గరా అంతే కదా. ముక్కు ఎంత సన్నబడినా ఆ తర్వాత అడిగేది ఇంటిపేరు. ఆ తర్వాత ఊరు. ఆ తర్వాత, ఊళ్లో ఎటువైపు అని.

కులం ముక్కులో లేదని బాబాసాహెబ్ ఎప్పుడో తేల్చారు. పంజాబ్ బ్రాహ్మణుడికీ మద్రాసు బ్రాహ్మణుడికీ ఏ జాతి చుట్టరికం ఉందని 1936లోనే ప్రశ్నించారు. 1948లో అంటరానివాళ్ల మీద రాసిన పుస్తకంలో ఆ ముక్కుల లెక్కలనే ముందేసుకున్నారు. ఈ కొలతలు శాస్త్రమే అయితే, బ్రాహ్మణులూ అంటరానివాళ్లూ ఒకే జాతి అని ఒప్పుకోవాలన్నారు. మనల్ని కొలిచిన బద్దనే తిప్పి వాళ్ల చేతిలో పెట్టారు.

అలాగని ఆపరేషన్ పరాయిది కాదు, పాపమూ కాదు. 1794లో లండన్ 'జెంటిల్మన్స్ మ్యాగజైన్'లో ఒక ఉత్తరం అచ్చయింది. టిప్పు సైన్యానికి చిక్కి ముక్కు కోయించుకున్న కవాస్జీ అనే ఎడ్ల బండివాడికి పూణే దగ్గర నుదుటి చర్మంతో కొత్త ముక్కు పెట్టారన్నది అందులోని వార్త. పెట్టినవాడిది ఇటుకలు చేసే కులం. ఆ పద్ధతినే 1814లో జోసెఫ్ కార్ప్యూ లండన్‌లో చేసి చూపించాడు. ఇటుకలు చేసే కులం చేతి పనిని దొరల డాక్టర్లు నేర్చుకున్నారు.

ఇక ఇవాళ్టి మాట. కొనను మలచడమంటే లోపలి మెత్తటి ఎముకను కుట్లతో బిగించడం, అవసరమైతే ముక్కు మధ్యగోడ నుంచో చెవి నుంచో ముక్క తెచ్చి నిలబెట్టడం. అడుగు తగ్గించడమంటే రెక్కల మొదట్లో కొంత కండ కోసి తీసేయడం. చర్మం మందంగా ఉంటే లోపల చేసిన పని బయటికి తక్కువ కనిపిస్తుంది. కొన దగ్గర వాపు పూర్తిగా తగ్గడానికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. రంధ్రాలు మరీ ఇరుకైతే ఊపిరికే ఇబ్బంది. తీసేసిన కండను తిరిగి పెట్టడం కష్టం.

ముక్కు అడుగు వెడల్పు, కళ్ల లోపలి మూలల మధ్య దూరం సమానంగా ఉండాలని ఒక సూత్రం చెబుతారు. అది ఐరోపా చిత్రకారుల నుంచి వచ్చింది. 1985లో ఫార్కాస్ బృందం ఉత్తర అమెరికా తెల్ల యువతను కొలిచి చూస్తే వాళ్లలోనే చాలామందికి అది సరిపోలేదు.

కాబట్టి చెల్లెమ్మా, తమ్ముడూ, డాక్టరును అడగాల్సినవి అడగండి: ఊపిరికి ఏమవుతుంది, నా చర్మానికి ఎంత మార్పు కనిపిస్తుంది, నచ్చకపోతే దారేంటి. మిమ్మల్ని మీరు అడగాల్సింది ఒక్కటే. ఈ ముక్కు నాకు నచ్చలేదా, ఎవరికో నచ్చదని భయమా? మొదటిదైతే మీ ఇష్టం. రెండోదైతే ఆ ఎవరికో కావలసింది మీ ముక్కు కాదు, మీ తాత పేరు. దాన్ని మార్చే కత్తి ఏ ఆసుపత్రిలోనూ లేదు. మార్చుకోవలసిన అవసరమూ లేదు.

జై భీమ్.